సాగర తీరాన ఆకాశ సౌధం.. డాబా ఎవరిది?

విశాఖపట్నం: ఆర్కే బీచ్ నుంచి పాండురంగాపురం, లాసన్స్‌బే కాలనీ మీదుగా సాగర్‌నగర్, రుషికొండ వరకు సాయంత్రం వేళ వెళ్లేవారిలో సముద్రాన్ని చూసేవారే కాదు, రోడ్డుకు ఇవతల బారులు తీరిన భవనాల చిట్టచివరి అంతస్తు వైపు తలెత్తి చూసేవారూ కనిపిస్తారు. నిలువెత్తు గాజు తలుపులు, పిట్టగోడ మీదుగా వాలిన పూలతీగలు, డాబాపై చిన్న తోట, ఎదురుగా అడ్డులేని కడలి. ఉంటే అలాంటి ఇంట్లో ఉండాలనిపించే ఆ పై ఇంటి పేరే పెంట్‌హౌస్. ఒకప్పుడు ముంబయి సినీ తారలకు, పారిశ్రామికవేత్తలకు మాత్రమే తెలిసిన ఈ మాట నేడు విశాఖ స్థిరాస్తి ప్రకటనల్లో నిత్యం వినిపిస్తోంది. వైద్యులు, నౌకాయాన రంగంలో స్థిరపడినవారు, విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వారు దీనివైపు మొగ్గు చూపుతున్నారు.

అయితే కోట్లు వెచ్చించి కొనే ఆ ఇంట్లో కొనుగోలుదారుకు నిజంగా దక్కేది ఏమిటన్నది ఆలోచించాల్సిన విషయం. ప్రకటనల్లో కనిపించేవి మూడు: సముద్రం, డాబా, ఇల్లు. వీటిలో సముద్రం ఎవరి ఆస్తీ కాదు. డాబా చాలా భవనాల్లో అందరి ఉమ్మడి సొత్తు. ఇక ఇంటి గోడలను ఉప్పుగాలి అనుదినం పరీక్షిస్తూనే ఉంటుంది. ఈ మూడింటి సంగతి తేల్చుకోకుండా దృశ్యాన్ని చూసి మురిసిపోయి సంతకం చేస్తే, జీవితకాలపు కష్టార్జితం చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది.

వద్దన్న అంతస్తే ముద్దయింది

పై అంతస్తుకు ఈ గౌరవం మొదటి నుంచీ లేదు. లిఫ్టులు లేని కాలంలో ఐరోపా, అమెరికా నగరాల్లో సంపన్నులు కింది అంతస్తుల్లో ఉండేవారు. మెట్లెక్కి వెళ్లాల్సిన పై గదులు పనివారికి, పేదలకు దక్కేవి. 1857లో న్యూయార్క్‌లో ప్రయాణికుల లిఫ్టు తొలిసారి ఒక దుకాణ భవనంలో అమరింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు ఈ లెక్క తలకిందులైంది. ఎత్తు శ్రమకు గుర్తుగా ఉండటం పోయి హోదాకు గుర్తుగా మారింది. 1920ల నాటికి న్యూయార్క్ భవనాల పైకప్పులపై విశాలమైన ఇళ్లు కట్టించుకోవడం ధనవంతులకు మోజైంది. పెంట్‌హౌస్ అన్న మాటకు మూలం కూడా గమ్మత్తయినదే. గోడకు ఆనించి వేసే చిన్న పంచపాకను సూచించే పాత ఫ్రెంచి పదం నుంచి అది పుట్టింది.

మన పట్టణాల్లోనూ అనుభవం ఇంచుమించు ఇదే. తెలుగునాట అపార్ట్‌మెంట్ల సంస్కృతి మొదలైన కొత్తలో చివరి అంతస్తు ఫ్లాటు అంటే కొనేవారు వెనుకంజ వేసేవారు. వేసవిలో శ్లాబు కాగి రాత్రి పన్నెండైనా గది చల్లబడదని, వానాకాలంలో పైకప్పు కారుతుందని, లిఫ్టు చెడితే గతి ఏమిటని భయపడేవారు. ధర కాస్త తగ్గిస్తే గానీ అవి అమ్ముడయ్యేవి కావు. సముద్రం కనిపించే చోట మాత్రం ఆ లోపాలన్నీ ఒక్క దృశ్యం ముందు మరుగున పడ్డాయి. వేడిని అడ్డుకునే పైపూతలు, నీరు దిగని పొరలు, రెండేసి లిఫ్టులు, జనరేటర్లు వచ్చాక పాత భయాలూ తగ్గాయి.

తూర్పు కడలి వరం

విశాఖ తీరానికి ఒక సహజమైన అనుకూలత ఉంది. ఇక్కడ సముద్రం తూర్పు, ఆగ్నేయ దిశల్లో ఉంటుంది. సూర్యోదయం నీటి మీద నుంచే జరుగుతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు భవనం వెనుకకు వెళ్లడంతో సముద్రం వైపు వసారా నీడపట్టుకు వస్తుంది. అదే సమయానికి కాగిన నేల మీది గాలి పైకి లేచి, దాని స్థానంలోకి సముద్రపు చల్లగాలి వీస్తుంది. నీడ, గాలి రెండూ ఒకే వేళకు అందడం తూర్పు తీరపు ఇళ్లకు దక్కే ప్రత్యేక సౌఖ్యం. ముంబయిలో సముద్రం పడమర దిక్కున ఉండటం వల్ల అక్కడి వసారాల్లో సాయంత్రపు ఎండ నేరుగా పడుతుంది. తూర్పు దిక్కు తెరిపిగా ఉండాలని కోరుకునే వాస్తు విశ్వాసులకు కూడా విశాఖ సముద్రముఖం నచ్చుతోంది.

పై అంతస్తులో ఇరుగు పొరుగు గోడలు ఉండవు. తల మీద మరొకరి అడుగుల చప్పుడు వినిపించదు. వీధి దుమ్ము, వాహనాల రొద తగ్గుతుంది. లంగరు వేసి వరుసగా నిలిచిన ఓడలు, రాత్రివేళ వాటి దీపాలు, ఒకవైపు డాల్ఫిన్స్ నోస్, మరోవైపు కైలాసగిరి ఒక్క చోటి నుంచే కనిపిస్తాయి. పెద్ద కుటుంబం గల ఇళ్లలో పండుగకు పదిమందిని పిలవడానికి, పిల్లలు ఆడుకోవడానికి, ఆవకాయ ముక్కలు, అప్పడాలు ఎండబెట్టుకోవడానికి సైతం సొంత డాబా ఉండటం ఊళ్లోని మేడ ఇంటిని గుర్తుకు తెస్తుంది. అపార్ట్‌మెంటు భద్రతను వదులుకోకుండా మేడ ఇంటి సుఖం పొందాలన్న కోరికే ఈ మోజుకు అసలు కారణమని చెప్పవచ్చు.

స్థలం కొంచెం.. గిరాకీ ఘనం

సముద్రం ఎదుట నిలిచే స్థలం విశాఖలో పరిమితం. నగరానికి ఒకవైపు కడలి, మరోవైపు కొండలు. మధ్యలో నౌకాదళం, ఓడరేవు, విశ్వవిద్యాలయం భూములు. ఉత్తరాన తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు రక్షిత ప్రాంతాలు. మిగిలిన కొద్ది స్థలంపైనా తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి. సీఆర్‌జడ్‌గా వ్యవహరించే ఈ నిబంధనలు తొలిసారి 1991 ఫిబ్రవరి 19న వెలువడ్డాయి. 2011లో, మళ్లీ 2019లో కొత్త ప్రకటనలు వచ్చాయి. సముద్రతీరంలో గరిష్ఠ పోటు రేఖ నుంచి భూమి వైపు 500 మీటర్ల వరకు ఇవి అమలవుతాయి.

తీరం అంచు దాకా ఇప్పటికే అభివృద్ధి చెందిన నగర ప్రాంతాన్ని ఈ నిబంధనల్లో రెండో శ్రేణిగా పేర్కొన్నారు. అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకు గానీ, అనుమతి పొందిన కట్టడాలకు గానీ భూమి వైపున మాత్రమే కొత్త భవనాలకు అవకాశం ఉంటుంది. 2019 నాటి ప్రకటనకు ముందు ఈ ప్రాంతంలో ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్నది పాత నియమాలకే పరిమితమై ఉండేది. ఆ కట్టుబాటు సడలడంతో పాత రెండంతస్తుల ఇళ్ల స్థానంలో ఎత్తయిన భవనాలు లేపేందుకు యజమానులు, బిల్డర్లు ఉత్సాహం చూపుతున్నారు. అయినప్పటికీ నగరంలో నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగ ఉన్నందున భవనం ఎత్తుకు నిరభ్యంతర పత్రం తప్పనిసరి అవుతోంది.

గిరాకీ పెరగడానికి నగరం చుట్టూ అల్లుకున్న ఆశలూ కారణమే. కార్యనిర్వాహక రాజధాని ప్రస్తావన 2019 డిసెంబరులో వచ్చినప్పుడు తీరప్రాంతపు స్థలాలపై ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది. ఆ ప్రతిపాదన కార్యరూపం దాల్చలేదు. 2023 మే 3న భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 2025లో రుషికొండ ఐటీ హిల్స్‌పై టీసీఎస్‌కు 21.16 ఎకరాల కేటాయింపు జరిగింది. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని గూగుల్ ప్రకటించింది. ఇటువంటి ప్రతి ప్రకటన తర్వాతా సముద్రముఖపు ఇళ్ల ధరల గురించి చర్చ మొదలవుతోంది. ప్రకటనకూ, ఉద్యోగులు వచ్చి ఇళ్లు కొనడానికీ మధ్య ఏళ్ల వ్యవధి ఉంటుందన్న సంగతి ఆ ఉత్సాహంలో చాలామంది మరచిపోతున్నారు.

ముంబయి లెక్కలు వేరు. అక్కడ మలబార్‌హిల్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న మూడంతస్తుల ఫ్లాటు 2023లో రూ.369 కోట్లకు, వర్లీలో రెండు డ్యూప్లెక్స్ ఫ్లాట్లు కలిపి 2025లో రూ.639 కోట్లకు అమ్ముడైనట్లు రిజిస్ట్రేషన్ పత్రాల ద్వారా వెల్లడైంది. ఆ ధరలను చూపి ఇక్కడి ధరలను సమర్థించడం సరికాదు. ముంబయిలో అంత ధర పెట్టగలవారు వందల్లో ఉంటారు. జిల్లా కేంద్రం వంటి మార్కెట్‌లో అటువంటివారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ధర వెనుక దాగిన లెక్క

సాధారణ ఫ్లాటు కంటే పెంట్‌హౌస్ ధరలో అదనపు మెట్లు ఎక్కువ. మొదట చదరపు అడుగు మూల ధర. దానిపై అంతస్తు పెరిగేకొద్దీ కొంత. సముద్రం కనిపిస్తే మరికొంత. మూల ఫ్లాటయితే ఇంకొంత. వీటికి తోడు పైకప్పు లేని డాబా విస్తీర్ణానికి సగం ధరో, పావు ధరో కలుపుతారు. వీటిలో ఏది ఎంతన్నది విడివిడిగా కాగితం మీద రాయించుకోవాలి.

లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి మార్కెట్ ధరలు కావు. అమ్మకపు విస్తీర్ణం 4,000 చదరపు అడుగులు, అడుగు ధర రూ.10 వేలు అనుకుంటే ఇంటికి రూ.4 కోట్లవుతుంది. డాబా 1,500 అడుగులకు సగం ధర కడితే మరో రూ.75 లక్షలు. మొత్తం రూ.4.75 కోట్లు. గోడల మధ్య నిజంగా వాడుకునే కార్పెట్ విస్తీర్ణం 2,900 అడుగులే అయితే, అడుగుకు పడిన అసలు ధర రూ.16 వేలు దాటుతుంది. ప్రకటనలోని రూ.10 వేలకు, దీనికి ఎంత తేడా ఉందో గమనించాలి. స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, కార్పెట్ విస్తీర్ణాన్ని కచ్చితంగా నిర్వచించింది. బయటి గోడలు, సొంత వసారా, సొంత డాబా అందులోకి రావు.

రెండో లెక్క నేలది. అపార్ట్‌మెంటు కొన్నవారికి స్థలంలో దక్కేది అవిభాజ్య వాటా. కాలం గడిచేకొద్దీ కట్టడం విలువ తరుగుతుంది, నేల విలువ పెరుగుతుంది. 2,000 గజాల స్థలంలో మొత్తం అమ్మకపు విస్తీర్ణం 80 వేల అడుగులయితే 40 అడుగులకు ఒక గజం చొప్పున వస్తుంది. 2,000 అడుగుల సాధారణ ఫ్లాటుకు 50 గజాలు, 4,000 అడుగుల పెంట్‌హౌస్‌కు 100 గజాలు. పైన చెప్పిన ధరల ప్రకారం సాధారణ ఫ్లాటు రూ.2 కోట్లు, పెంట్‌హౌస్ రూ.4.75 కోట్లు. నేల వాటా రెట్టింపే గానీ, చెల్లించింది రెట్టింపు కంటే రూ.75 లక్షలు ఎక్కువ. ఆ అదనం డాబాకు చెల్లించినది. కనుక డాబాపై హక్కు గట్టిగా లేకపోతే ఆ సొమ్ముకు ఆధారం లేనట్లే.

రెండు పెంట్‌హౌస్‌లు.. రెండు కథలు

మన పట్టణాల్లో పెంట్‌హౌస్ అన్న మాట రెండు అర్థాల్లో వాడుకలో ఉంది. మంజూరైన ప్లానులోనే చివరి అంతస్తుగా చూపి, అనుమతితో కట్టిన విశాలమైన ఇల్లు ఒకటి. స్టిల్టుపై 5 అంతస్తులకు అనుమతి తీసుకుని, పనులు పూర్తయ్యాక డాబాపై ఎవరికీ చెప్పకుండా లేపిన అదనపు ఇల్లు రెండోది. చూడటానికి రెండూ ఒకటే. చట్టం ముందు మాత్రం ఒకటి ఇల్లు, మరొకటి అక్రమ కట్టడం.

రెండో రకం వాటిని అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసుకునేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007 చివరలో, మళ్లీ 2015లో పథకాలు తెచ్చింది. దాంతో ముందు కట్టేస్తే తర్వాత ఏదో ఒక పథకం రాకపోదన్న ధీమా కొందరిలో పాతుకుపోయింది. పథకానికి ముందు విధించే గడువు తేదీ తర్వాత కట్టినవాటికి ఆ అవకాశం ఉండదు. పైగా తీర నియంత్రణ నిబంధనల ఉల్లంఘనను మున్సిపల్ రుసుముతో సరిదిద్దడం సాధ్యం కాదు.

కేరళలోని కొచ్చి వద్ద మరడులో జరిగింది ఇందుకు కళ్లెదుటి గుణపాఠం. అక్కడ కాయల్ తీరాన నాలుగు నివాస సముదాయాలు లేచాయి. స్థానిక పంచాయతీ అనుమతి ఇచ్చింది. కొన్నవారు రిజిస్ట్రేషన్లు చేయించుకున్నారు, పన్నులు కట్టారు, ఏళ్ల తరబడి నివసించారు. తీర నిబంధనలకు విరుద్ధంగా కట్టినందున వాటిని తొలగించాలని 2019 మే 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో వాటిని నేలమట్టం చేశారు. ఒక్కో ఫ్లాటు యజమానికి రూ.25 లక్షలు మధ్యంతర పరిహారంగా చెల్లించాలని కోర్టు ఆదేశించినా, కళ్లముందే ఇల్లు కూలిన బాధ దానితో తీరేది కాదు. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన కట్టడం సక్రమమని అర్థం కాదని ఆ ఉదంతం దేశానికంతటికీ చాటింది.

డాబాపై హక్కు ఎలా వస్తుంది?

2016 నాటి రెరా చట్టంలో డాబా ప్రస్తావన రెండు చోట్ల వస్తుంది. ఉమ్మడి ప్రాంతాల జాబితాలో మెట్లు, లిఫ్టులు, సెల్లార్లతో పాటు డాబాలనూ చేర్చారు. మరోచోట ఒక ఫ్లాటుకు అనుబంధంగా, దాని యజమాని మాత్రమే వాడుకునేందుకు ఉద్దేశించిన డాబాను ప్రస్తావించారు. అంటే ఉమ్మడి డాబా, సొంత డాబా రెండూ చట్టానికి తెలుసు. కొనబోయే డాబా ఏ కోవలోకి వస్తుందన్నది తేల్చేది బిల్డరు మాట కాదు, కాగితం. మంజూరైన ప్లానులో, రెరా వద్ద నమోదైన వివరాల్లో, అమ్మకపు ఒప్పందంలో, చివరకు రిజిస్టరు దస్తావేజులో ఒకే మాట ఉండాలి. వీటిలో ఒకటి సొంతమని, మరొకటి ఉమ్మడి అని చెబితే తగాదాకు పునాది పడినట్లే.

ఆచరణలో చిక్కులు ఇంకా ఉన్నాయి. ఓవర్‌హెడ్ ట్యాంకులు, లిఫ్టు యంత్రం గది, సౌరఫలకాలు, టీవీ డిష్‌లు డాబాపైనే ఉంటాయి. మరమ్మతుకు వచ్చేవారికి దారి వదలక తప్పదు. అగ్నిప్రమాదం జరిగితే కింది అంతస్తులవారు పైకి చేరేందుకు డాబా ఆశ్రయం కావాలి. ఆ దారికి తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. ఈ సంగతులు ముందే రాసుకోని భవనాల్లో నివాసుల సంఘానికి, పెంట్‌హౌస్ యజమానికి మధ్య మనస్పర్థలు తలెత్తుతున్నాయి. పండుగకు, పెళ్లికి డాబా వాడుకుంటామని కింది వారు, తాము కొనుక్కున్నామని పైవారు పట్టుబడితే ఇద్దరికీ మనశ్శాంతి కరవవుతుంది.

విశాఖలో ఎక్కువ భవనాలు స్థల యజమాని, బిల్డరు కుదుర్చుకునే డెవలప్‌మెంటు ఒప్పందంపై లేస్తున్నాయి. పెంట్‌హౌస్ ఎవరి వాటాకు వచ్చిందో ఆ ఒప్పందం, దాని అనుబంధ పత్రం చూస్తేనే తెలుస్తుంది. వాటా తనది కాని వ్యక్తి దగ్గర బయానా ఇచ్చి చిక్కుకోకుండా చూసుకోవాలి. అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదని రెరా స్పష్టం చేస్తోంది.

ఉప్పుగాలితో నిత్య సమరం

సముద్రపు గాలి మనిషికి హాయి, ఇనుముకు శత్రువు. గాలిలోని ఉప్పుకణాలు కాంక్రీటు సన్నని రంధ్రాల గుండా లోపలికి చేరి చువ్వలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు బీటలు వారి పెచ్చులూడుతుంది. బీచ్‌రోడ్డు పాత భవనాల్లో వసారాల అడుగున చువ్వలు బయటకు కనిపించడానికి కారణం ఇదే.

దీన్ని ఎదుర్కొనే విధానం భారతీయ ప్రమాణం ఐఎస్ 456లో ఉంది. సముద్రతీర వాతావరణానికి నేరుగా లోనయ్యే కాంక్రీటును తీవ్ర పరిస్థితిలో ఉన్నట్లుగా పరిగణించి కనీసం ఎం30 రకం వాడాలని, చువ్వపై 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని ఆ ప్రమాణం చెబుతోంది. సముద్రపు తుంపర నేరుగా పడే చోట ఎం35 రకం, 50 మిల్లీమీటర్ల కవరు అవసరం. పైకి కనిపించే పాలరాయి, ఇటాలియన్ వంటగది గురించి అడిగే కొనుగోలుదారుల్లో ఈ రెండు అంకెల గురించి అడిగేవారు అరుదు. ఇల్లు ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేవి మాత్రం ఇవే.

2014 అక్టోబరు 12న విశాఖ సమీపంలో తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను మరో పరీక్ష పెట్టింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచిన గాలులకు నగరం అతలాకుతలమైంది. విమానాశ్రయం దెబ్బతింది, కైలాసగిరి పచ్చదనం కోల్పోయింది, రోజుల తరబడి కరెంటు, నీరు నిలిచిపోయాయి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. వేగం ఐదో వంతు పెరిగితే అద్దంపై పడే ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. గాలి భారానికి సంబంధించిన ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని నిర్దేశించింది. అది గంటకు 180 కిలోమీటర్లతో సమానం. నిలువెత్తు గాజు తలుపులు ఆ లెక్కకు తగినవా, పగిలినా ముక్కలు ఊడిపడని లామినేటెడ్ అద్దమేనా, డాబాపై వేసిన పందిరి, షెడ్డు గట్టిగా బిగించారా అన్నవి అడిగి తీరాల్సిన ప్రశ్నలు.

నిర్వహణ ఖర్చు కూడా తక్కువేమీ కాదు. ఏసీల బయటి యంత్రాలు, గ్రిల్సు, తలుపుల బందులు, తాళాలు తీరంలో త్వరగా పాడవుతాయి. రంగులు, నీటి నిరోధక పొర లోపలి ప్రాంతాల కంటే తరచుగా వేయించాలి. డాబాపై తోట, చిన్న ఈత కొలను ఉంటే ఆ బరువును, తేమను భరించేలా శ్లాబును ముందే రూపొందించి ఉండాలి. తర్వాత చేర్చిన తొట్టెలు, మట్టి కింది ఇంటి పైకప్పును తడిపితే మరమ్మతు భారం ఎవరిదన్న వివాదం తప్పదు. విస్తీర్ణాన్ని బట్టి వేసే నెలవారీ రుసుము కూడా పెంట్‌హౌస్‌కే ఎక్కువ.

దృశ్యానికి హామీ లేదు

సముద్రం కనిపిస్తుందని అదనంగా చెల్లించినా ఆ దృశ్యంపై హక్కు దస్తావేజు ద్వారా రాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కింద 20 ఏళ్లు నిరాటంకంగా అనుభవించిన గాలి, వెలుతురుపై హక్కు ఏర్పడే అవకాశముంది గానీ, దూరపు దృశ్యంపై అటువంటి హక్కు ఏర్పడదు. బీచ్‌రోడ్డును ఆనుకుని మొదటి వరుసలో ఉన్న భవనానికి ఎదుట కట్టడం రాకుండా తీర నిబంధనలే కొంత రక్షణ. రెండో, మూడో వరుసలోని భవనాలకు ఆ రక్షణ లేదు. ఎదుటి పాత బంగళా స్థానంలో రేపు పది అంతస్తులు లేస్తే కడలి కనుమరుగవుతుంది. అక్కడ పై అంతస్తు ఎంత ఎత్తన్నదే కాక, ముందున్న స్థలాల్లో ఎంత ఎత్తు వరకు అనుమతి ఉందన్నది కూడా విచారించాలి.

కడలి సైతం నిలకడగా ఉండేది కాదు. తూర్పు తీరంలో కెరటాల వెంట ఇసుక ప్రధానంగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో నిర్మించిన ఔటర్ హార్బర్ అడ్డుగోడల వల్ల ఆ ప్రవాహానికి ఆటంకం ఏర్పడి ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది. ఓడరేవు పూడిక నుంచి తీసిన ఇసుకను తీరానికి చేరవేస్తూ ఆ లోటును పూరించే ప్రయత్నం సాగుతోంది. రోడ్డు, గోడ వెనుక ఉన్న భవనాలకు తక్షణ ప్రమాదం లేకపోయినా, 30, 40 ఏళ్ల దృష్టితో కొనేవారు ఈ సంగతి మరవరాదు.

అమ్మడం అంత తేలిక కాదు

పెంట్‌హౌస్ కొనడం కంటే తిరిగి అమ్మడానికి ఓపిక ఎక్కువ కావాలి. రెండు పడకగదుల ఫ్లాటుకు వందమంది ఆసక్తి చూపితే, దీనికి ముగ్గురో నలుగురో వస్తారు. అవసరానికి అమ్మబోయినవారు ధర తగ్గించక తప్పని పరిస్థితి ఎదురవుతుంది. అద్దె కూడా పెట్టుబడితో పోలిస్తే స్వల్పం. రూ.75 లక్షలు మించిన గృహరుణాలకు ఆస్తి విలువలో 75 శాతం దాటరాదన్న రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల సొంత సొమ్ము అధికంగా పెట్టాలి. అనుమతి లేని అంతస్తుకు బ్యాంకు రుణం దొరకడమే కష్టం. బ్యాంకు వెనకాడిందంటే కొనుగోలుదారు కూడా ఒకసారి ఆగి ఆలోచించాలి. నిర్మాణంలో ఉన్న ఇంటికి 5 శాతం జీఎస్టీ పడుతుంది. పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చాక కొంటే ఆ పన్ను ఉండదు.

విదేశాల్లో స్థిరపడిన భారతీయులు నివాస గృహాలు కొనుగోలు చేయడానికి అభ్యంతరం లేదు. అయితే వీడియోలో చూసి, బంధువుల మాట మీద సొమ్ము పంపేవారే ఎక్కువ. ఏడాదికి పదిహేను రోజులు ఉండే ఇంటికి ఉప్పుగాలి ఏడాది పొడవునా తగులుతుంది. తలుపులు తెరవని ఇల్లు తీరంలో మరింత వేగంగా పాడవుతుందని గ్రహించాలి.

కొనేముందు ఇవి చూడాలి

* జీవీఎంసీ లేదా వీఎంఆర్‌డీఏ మంజూరు చేసిన ప్లానులో ఆ అంతస్తు, ఆ ఇల్లు ఉన్నాయా?
* స్థలం పోటు రేఖకు 500 మీటర్ల లోపు ఉంటే తీర నియంత్రణ అనుమతి ఉందా? భవనం ఎత్తుకు నిరభ్యంతర పత్రం ఉందా?
* ఆంధ్రప్రదేశ్ రెరా వద్ద నమోదు ఉందా? అక్కడి వివరాల్లో డాబాను సొంతంగా చూపారా, ఉమ్మడిగానా?
* డెవలప్‌మెంటు ఒప్పందం ప్రకారం అది ఎవరి వాటా? ఈసీ, లింకు డాక్యుమెంట్లలో తాకట్టు ఏదైనా ఉందా?
* కార్పెట్, డాబా, అవిభాజ్య వాటా విడివిడిగా ఎంతెంత? దస్తావేజులో గజాలు రాశారా?
* కాంక్రీటు రకం, కవరు, అద్దాల మందం గురించి స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన పత్రం ఉందా?
* ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా? ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలని రెరా చెబుతోంది. అప్పగింత తేదీని రాతపూర్వకంగా తీసుకోవాలి.
* ట్యాంకులు, లిఫ్టు గదికి దారి ఎటు? నివాసుల సంఘం నియమావళిలో ఆ విషయం రాశారా?

ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబులు దొరికిన ఇల్లు ఖరీదైనదైనా నిక్కమైన ఆస్తే. అటువంటి ఇళ్లు విశాఖలో లేకపోలేదు. అనుమతి ప్రకారం కట్టి, నాణ్యత పాటించి, డాబా హక్కును పత్రాల్లో స్పష్టంగా రాసిచ్చే బిల్డర్లకు ఈ మార్కెట్‌లో మంచి పేరు, మంచి ధర రెండూ దక్కుతున్నాయి.

సాధారణంగా కొనుగోలుదారులను ఇల్లు చూడటానికి తీసుకెళ్లేది సాయంత్రం వేళ. చల్లగాలి, నీడ, కడలి మీద వెలుగు అన్నీ అనుకూలంగా ఉండే సమయమది. అదే ఇంటిని మే నెల మధ్యాహ్నం ఒకసారి, అక్టోబరు వానలో ఒకసారి చూసి, కింది అంతస్తులో కాపురముండే వారితో పది నిమిషాలు మాట్లాడి, ఆ తర్వాత ప్లాను కాపీతో న్యాయవాది వద్దకు వెళ్లడం క్షేమం. సముద్రం ఎక్కడికీ పోదు. నెల రోజులు ఆగి కాగితాలు చూసుకున్నవారికి నష్టమేమీ ఉండదు.